పంటి రంగు

రెండోసారి కూడా పన్ను వెనక్కి వచ్చింది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో దూది మీద పడుకుని, మూతకి చీటీ అంటించుకుని మరీ వచ్చింది. చీటీ మీద డాక్టరమ్మ రాత: "రంగు కలవలేదు. పక్క పన్ను కంటే పసుపుగా ఉంది. మళ్ళీ చెయ్యాలి." మేస్త్రి దాన్ని కళ్ళద్దాలతో ఒకసారి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి ఇంకోసారి చదివాడు. ఎలా చదివినా అందులో అదే ఉంది.

"పసుపట," అన్నాడు, పక్క బల్ల దగ్గర మైనం చెక్కుతున్న మేనకోడలితో. "ముప్ఫై ఏళ్ళ నుంచి పళ్ళు చేస్తున్నా. నాకు పసుపంటే ఏమిటో తెలీదట."

మేనకోడలు చెక్కుడు ఆపలేదు. ఆమెకూ ముప్ఫై దాటాయి, అందులో పదేళ్ళు ఈ బల్ల దగ్గరే గడిచాయి. "ఏ-టూ వేస్తే సరిపోయేదేమో మావయ్యా," అంది.

"ఏ-టూ అంటే సున్నం. ఆవిడేమన్నా పాలపళ్ళ పిల్లా? లెక్కల టీచరు, నలభై ఐదేళ్ళ మనిషి."

బల్ల మీద షేడు పట్టీ ఉంది. సన్నటి ఇనప పట్టీకి వరసగా గుచ్చిన పదహారు నమూనా పళ్ళు, ఒక్కోదాని కాడ మీద ఏ-వన్, ఏ-టూ అంటూ ఒక నంబరు; నంబరు పెరిగేకొద్దీ రంగు ముదురు. వచ్చినవాళ్ళ పంటి పక్కన వీటిని ఒక్కొక్కటే పెట్టి చూసి, ఏది కలిస్తే ఆ నంబరు చీటీ మీద రాస్తారు. ఆ నంబరు పింగాణీ పొడి కలిపి కొత్త పన్ను చేస్తారు. ఈ క్లినిక్కులో రంగు చూసేది మేస్త్రే. డాక్టరమ్మ కూడా ఆయన మాటకి ఎదురు చెప్పదు, చెప్పినా ఆయన విన్న పాపాన పోలేదు.

"మొదటిసారి వెనక్కొచ్చిందంటే సరే," అన్నాడు. "నువ్వు సెలవులో ఉన్నావు, అన్నీ నేనే చూసుకోవాల్సొచ్చింది, తొందరలో జరిగిందేమో అనుకున్నా. రెండోది అలా కాదే. ముందు పన్ను కదా అని పొడి దగ్గర్నుంచి నేనే కలిపా. తిండి మానేసి ఆ ఫర్నేసు ముందు కూచున్నా. ఈ రెండు నెలల్లో మనం నలభై పళ్ళు పంపించాం. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తిరిగొచ్చిందా? ఆ నలభైకీ తెలిసిన రంగు ఈ ఒక్కదానికే తెలీకుండా పోయిందా నాకు?"

 మేనకోడలు చెక్కిన మైనం పొట్టుని గోటితో ఒక పక్కకి నెట్టింది.

"కింద వాళ్ళు తీసి పంపే ఫోటోలు అలా ఏడిశాయి. అదీ సంగతి," అని తేల్చేసి, డబ్బా పట్టుకుని మెట్లు దిగాడు. ల్యాబు పైఅంతస్తులో, క్లినిక్కు కింద. మధ్యలో పదిహేను మెట్లు. కోపంగా ఉన్నప్పుడు ఆయనకి అవి ఏడే.

కింద డాక్టరమ్మ బల్ల మీద రెండు కెమెరా లెన్సులు నిలబెట్టి ఉన్నాయి. ఒకటి పొడుగ్గా, నల్లగా, మోచెయ్యంత ఉంది. రెండోది దానికంటే పొట్టి. కౌంటరు అమ్మాయి రెండింటి చుట్టూ తిరుగుతూ చూస్తోంది గానీ తాకడం లేదు.

"మంచి సమయానికి వచ్చారు మేస్త్రిగారూ," అంది డాక్టరమ్మ. "షాపతను రెండూ ఇచ్చి శనివారం దాకా వాడి చూసుకోమన్నాడు. ఒకటి ఉంచుకుని ఒకటి వాపసు ఇచ్చెయ్యాలి. ఈ పొడుగుది పోర్ట్రెయిట్ లెన్సు. మొహాలకి. వెనకాల గోడ, కుర్చీ అన్నీ మసకైపోయి మనిషి మొహం ఒక్కటే వస్తుంది. చికిత్స అయిపోయాక నవ్వుతూ ఒక ఫోటో తీసి ఈ గోడ నిండా పెట్టాలని నా కోరిక. వచ్చినవాళ్ళకి ధైర్యంగా ఉంటుంది."

"ఆ పొట్టిది?"

"మాక్రో. చీమ కాలు కూడా కనిపిస్తుందట."

మేస్త్రి చేతిలో డబ్బా రెండు లెన్సుల మధ్యన టక్కున పెట్టాడు. "ఇదిగోనమ్మా ఫలితం. మీరు పంపిన ఫోటోలో ఆవిడ పన్ను బియ్యపు గింజంత ఉంది. దాని పైఅంచు ఎలా ఉంది, కిందఅంచు ఎలా ఉంది, ఎక్కడ మచ్చ, ఎక్కడ గీత, నాకేం తెలుస్తుంది? ఆవిణ్ణి ఒక్కసారి చూసి రంగు రాసుకున్నా, మిగతాదంతా ఆ ఫోటోనే కదా ఆధారం. గోడ మీద మొహాలు పెట్టుకోండి, వద్దనను. ఆ మొహాల్లో పళ్ళు ఎవరు చేస్తారు?"

"మీరు చేస్తారు. కానీ వెనక్కొస్తున్నాయిగా," అంది డాక్టరమ్మ. ఆమె గొంతు పెంచలేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు నులుముకుంది. "ఆ టీచరుగారు రెండు నెలల నుంచి టెంపరరీ పన్నుతో తిరుగుతున్నారు. క్లాసులో పిల్లలు బోర్డు మానేసి ఆవిడ నోరు చూస్తున్నారట. సిటీ మధ్యలో పెద్ద ల్యాబు ఉంది, అక్కడ కంప్యూటరే చేస్తుంది. ఈ మూడోది కూడా కలవకపోతే ఆవిడ పని వాళ్ళకి పంపించేస్తా. ఒకసారి అటు పంపడం మొదలుపెడితే తరవాత అన్నీ అటే పోతాయి. మీకు ముందే చెప్తున్నా, తరవాత నన్ననుకోవద్దు."

మేస్త్రికి ఒళ్ళు మండింది.  పెద్ద ల్యాబుకి పోతే పైన రెండు బల్లలకీ దుప్పటి కప్పెయ్యడమే. ఆయన సరే, మేనకోడలు ఎక్కడికి పోతుంది?

"రేపు ఆవిణ్ణి పిలిపించండి," అన్నాడు. "రెండు లెన్సులతోనూ తియ్యండి. ఏది ఉంచుకోవాలో మీకే తెలుస్తుంది."

*

గురువారం మధ్యాహ్నం బడి అయ్యాక లెక్కల టీచరు వచ్చింది. మాట్లాడుతున్నంతసేపూ పుస్తకమో సంచీయో ఏదో ఒకటి నోటి దగ్గర అడ్డం పెట్టుకుంటోంది. మేస్త్రి ఆవిడ లిప్‌స్టిక్ తుడిపించి, ఎర్ర జాకెట్టు కనపడకుండా మెడ చుట్టూ బూడిదరంగు గుడ్డ కప్పి, కుర్చీని కిటికీ వైపు తిప్పించాడు. ఎరుపు పక్కన ఉంటే ఏ పన్నైనా పచ్చగా కనిపిస్తుందని కౌంటరు అమ్మాయికి పాఠం చెప్పాడు. నోరు మూసుకుని ఉండమన్నాడు. ఐదు నిమిషాలు తెరిచి ఉంచితే పన్ను ఆరి, ఉన్నదానికంటే తెల్లబడుతుంది, అప్పుడు చూసిన రంగు రంగు కాదన్నాడు.

"నోరు మూసుకోమని నాకు చెప్పినవాళ్ళు ఇన్నేళ్ళలో మీరొక్కరే," అంది టీచరు, గుడ్డ సర్దుకుంటూ.

ముందు పోర్ట్రెయిట్ లెన్సు. డాక్టరమ్మ కెమెరా కంటికి ఆనించి, ఫోకస్ అందక ఒకడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వేసింది. నడుముకి ట్రే తగిలి పట్టకార్లు గలగలమన్నాయి. ఇంకా దూరం కావాలి. తలుపు తీసి వరండాలోకి పోయి, చెప్పుల అరలకి వీపు ఆనించి, అక్కణ్ణుంచి తీసింది. బయట కూర్చున్న ఇద్దరు మనుషులు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు.

ఫోటో నిజంగానే బావుంది. కిటికీ వెలుగు ఆవిడ చెంప మీద పడి, వెనక గోడ వెన్న పూసినట్టు మెత్తబడి, లెక్కల టీచరు ఒక్కసారిగా ఎవరో గొప్పింటి మనిషిలా ఉంది. "అబ్బ, నేనేనా ఇది," అంది టీచరు. డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. మేస్త్రి మాత్రం తెర మీద ఆవిడ పెదాల దగ్గర వేలు పెట్టి, "పన్ను చూపించండి," అన్నాడు. పెద్దది చేస్తే అక్కడ ఒక తెల్లటి మరక ఉంది, అంతే.

తరవాత మాక్రో. మేస్త్రి ప్లాస్టిక్ కొక్కేలతో ఆవిడ పెదాలు రెండు వైపులా లాగి పట్టుకున్నాడు. డాక్టరమ్మ ఊపిరి బిగబట్టి, జానెడు దూరం నుంచి తీసింది. ఇంచుమించు మీద పడినంత దగ్గర. మొదటి మూడూ చెయ్యి వణికి పాడయ్యాయి. నాలుగోది కుదిరింది.

తెర నిండా ఒక్క పన్ను, టెంపరరీదాని పక్కనున్న ఆవిడ సొంత పన్ను. కిందఅంచు గాజులా పలచగా ఉంది. దాని మీద నిలువునా వెంట్రుకలాంటి రెండు పగుళ్ళు, ఎడమ మూల సూది మొనంత తెల్లచుక్క, చిగురు దగ్గర ఉమ్మి బుడగ ఒకటి. మేస్త్రి తెర మీదికి వంగి చూస్తూ ఉండిపోయాడు. "ఇదీ పన్నంటే," అన్నాడు చివరికి. "ఇన్నాళ్ళూ నా కళ్ళకి గంతలు కట్టి పని చేయించారు మీరు."

ఫోటోలో పంటి పక్కన షేడు పట్టీలోంచి తీసిన రెండు నమూనాలు కూడా ఉన్నాయి. కాడల మీద నంబర్లు అచ్చుపుస్తకంలో ఉన్నంత స్పష్టంగా ఉన్నాయి. "ఏ-త్రీ," అన్నాడు మేస్త్రి, రెండోసారి చూడకుండా.

డాక్టరమ్మ కాస్త తటపటాయించింది. "నాకు ఏ-టూ దగ్గరగా ఉన్నట్టుంది."

"ఇంతసేపు నోరు తెరిచి ఉంచారు, పన్ను ఆరింది. అందుకే మీకలా ఉంది. పైన ట్యూబులైటొకటి. నాకు వదిలెయ్యండమ్మా."

వయసులో పెద్దవాడు, పైగా ఇవాళ ఆయన మాటే నెగ్గింది. డాక్టరమ్మ వదిలేసింది. పైకి వెళ్ళాక మేనకోడలు పొడి సీసాలున్న అలమారు తెరిచి నిలబడింది. "నేను కలపనా మావయ్యా?"

"దీని జోలికి రావద్దన్నానా," అంటూ ఆమెని పక్కకి జరిపి మూడో నంబరు సీసా తనే తీసుకున్నాడు. గాజు పలక మీద పొడి పోసి, నీటిచుక్క వేసి, కలిపాడు. తడిపిన పింగాణీ పొడి ఏ నంబరుదైనా ఒకేలా లేతగులాబీ రంగులో ఉంటుంది. కాల్చాకే దాని అసలు రంగు. కుంచెతో పొర మీద పొర పేర్చాడు. ఫోటో ఎదురుగా పెట్టుకుని ఆ రెండు పగుళ్ళూ, ఆ తెల్లచుక్కా ఎక్కడివక్కడ దించాడు. ఫర్నేసు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మేనకోడలు తెచ్చిన టీ పక్కన చల్లారిపోయింది.

*

శుక్రవారం నాలుగింటికి పన్ను పెట్టి చూశారు. ఆకారంలో వంక పెట్టడానికి లేదు. పగుళ్ళు పగుళ్ళలాగే ఉన్నాయి. డాక్టరమ్మ మాక్రోతో ఫోటో తీసి తెర టీచరు వైపు తిప్పింది. 

"నేను లెక్కలు చెప్పుకునేదాన్ని, రంగుల సంగతి నాకు తెలీదు," అంది టీచరు. "కానీ ఈ రెండింట్లో ఒకటి టీ తాగినట్టుంది, ఒకటి తాగనట్టుంది."

"ఎక్కడ?" అన్నాడు మేస్త్రి.

"ఎక్కడేమిటి సార్," అని కౌంటరు అమ్మాయి పెన్ను తెచ్చి తెర మీద చూపించింది. "ఇది తెలుపు. ఇది పసుపు."

మేస్త్రికి పెన్ను మొన కనిపించింది. రెండు పళ్ళ మధ్య సన్నటి సందు కనిపించింది. చిగురు మీద చిన్న గీరు కనిపించింది. ఆ రెండు పళ్ళూ మాత్రం ఒకే పన్నుకి రెండు ఫోటోలు తీసినట్టున్నాయి. ముగ్గురూ కూడబలుక్కున్నారా అని ఒక్క క్షణం ఆయనకి నిజంగానే అనుమానం వచ్చింది.

"తెర తేడా," అన్నాడు.

"తెర కాదు మేస్త్రిగారూ." డాక్టరమ్మ కొత్త పన్ను తీసి డబ్బాలో పెట్టింది. "ఇక చాలు. టీచరుగారూ, రేపు పొద్దున ఒక్కసారి రండి. పెద్ద ల్యాబుకి అచ్చు తీసి పంపిస్తా." టీచరు ఎవరినీ ఏమీ అనకుండా సంచీ తీసుకుంది. అరిచి ఉంటే మేస్త్రికి కొంత తేలిగ్గా ఉండేది.

పైన మేనకోడలు బల్ల తుడిచి ఇంటికి వెళ్ళిపోయింది. కిటికీలోంచి ఇంకా మంచి వెలుతురు వస్తోంది. మేస్త్రి షేడు పట్టీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అందరికీ చాదస్తం పట్టింది, నాకేం కాలేదు, అనుకున్నాడు. అనుకుని కూడా, పట్టీలోంచి ఆరు నమూనాలు ఊడదీశాడు. మైనం ముద్ద ఒకటి పిసికి, నంబర్లు కనపడకుండా కాడలన్నీ అందులోకి గుచ్చాడు. కళ్ళు మూసుకుని ముద్దని గిరగిరా తిప్పాడు. తరవాత ఒక్కొక్కటే లాగి, కాడ అరిచేతిలో దాచుకుంటూ, తెలుపు నుంచి ముదురుకి వరసగా పేర్చాడు. కొత్తగా పనికి చేరినవాళ్ళకి మొదటి వారం పెట్టే పరీక్ష ఇది. మేనకోడలికి తనే పెట్టాడు.

నంబర్లు తిప్పి చూశాడు. మూడు ముందుంది, ఒకటి నాలుగోచోట ఉంది.

వెలుతురు పక్కనుంచి పడుతోందని కుర్చీ జరుపుకుని మళ్ళీ చేశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చేశాడు. కళ్ళద్దాలు తీసేసి, నమూనాలు తీసుకుని మెట్ల మీది పిట్టగోడ దగ్గరికి పోయి, ఆకాశం కింద మళ్ళీ చేశాడు. ఒక్కసారీ ఆరూ కుదరలేదు. చివరిసారి సరిగ్గా వచ్చాయనే అనుకున్నాడు, పందెం కాసి ఉండేవాడు. తిప్పి చూస్తే అదే అన్నిటికంటే ఘోరంగా ఉంది.

ఆయనకి భయం వేసింది. ఉద్యోగం గురించి కాదు. ఇన్నాళ్ళూ తెలుపు అనుకుంటూ ఏం చూస్తున్నానో అని.

*

శనివారం మేనకోడలు వచ్చేసరికి ఆయన అప్పటికే బల్ల దగ్గర ఉన్నాడు. ఆరు కన్నాలు పడ్డ మైనం ముద్ద ఎదురుగా ఉంది. ఆమె దాన్ని చూసింది, ఆయన్ని చూసింది, సంచీ మేకుకి తగిలించింది.

"ఒక్క మాట చెప్పు," అన్నాడు మేస్త్రి. "నాకు రంగులు తెలియట్లేదు. సరే. మరి ఆ నలభై పళ్ళూ ఎలా కలిశాయి?"

 ఆమె కుంచెలు కడిగే గిన్నెలో నీళ్ళు మార్చింది. "పొడి కలిపేది నేనేగా," అంది.

"అయితే?"

"నువ్వు త్రీ అంటే టూ కలిపేదాన్ని. అచ్చులు తెచ్చే వంకతో కిందికెళ్ళి, వచ్చినవాళ్ళ పళ్ళు నేనూ ఓసారి చూసొచ్చేదాన్ని. తడిగా ఉన్నప్పుడు ఎలాగూ తెలీదు. కాల్చాక నువ్వు చూసి భేష్ అనేవాడివి." ఆమె గొంతులో దెప్పు లేదు. "రెండో నంబరు సీసా ఇంత తొందరగా ఎలా అయిపోతోందని నన్ను తిట్టావు, గుర్తుందా?"

మేస్త్రికి గుర్తుంది. ఒలకబోస్తున్నావని అరిచాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది దాటింది."

"ఏడాది." ఆయన గొంతు లేచింది. "ఏడాది పాటు నన్ను వెర్రివాణ్ణి చేసి ఆడించావా? నాతో చెప్పొచ్చుగా."

"చెప్పాను మావయ్యా. మూడుసార్లు చెప్పాను. మొదటిసారి నన్నే కళ్ళు చూపించుకోమన్నావు. రెండోసారి ట్యూబులైటు మార్పించావు. మూడోసారి ఫోటోలు బాలేవన్నావు, ఆ పొట్టి లెన్సు మేడంతో కొనిపించబోయావు." ఆమె గిన్నె బల్ల మీద పెట్టింది. "నాలుగోసారి ఏం కొనిపిస్తావోనని ఊరుకున్నా."

 మేస్త్రికి తిట్టడానికి ఒక్క మాట కూడా చేతికి దొరకలేదు. ఈ పదేళ్ళలో అలా జరగడం ఇదే మొదటిసారి.

కింద నుంచి కౌంటరు అమ్మాయి కేక వేసింది. మేడం పిలుస్తున్నారట.

ఇద్దరూ దిగారు. లెక్కల టీచరు కుర్చీలో ఉంది. పొడుగు లెన్సు కెమెరాకి బిగించి ఉంది. మాక్రో దాని డబ్బాలోకి వెళ్ళిపోయింది, కౌంటరు అమ్మాయి మూత మీద టేపు వేస్తోంది.

"కూచోండి మేస్త్రిగారూ," అంది డాక్టరమ్మ. నిన్నటి చిరాకు ఆమెలో లేదు. రాత్రంతా ఆలోచించుకున్నట్టుంది. "ఇది మీ తప్పేం కాదు. షాపతన్ని అడిగాను, ఏ లెన్సుతో తీసినా రంగు ఉన్నదున్నట్టు రాదట. కాబట్టి అది ఇచ్చేస్తున్నా, పోర్ట్రెయిట్‌ది ఉంచుకుంటా. టీచరుగారిది ఒక్కటే బయటికి పంపుతా, ఏదో ముందు పన్ను, కుదరలేదు. మిగతావన్నీ ఎప్పట్లాగే మీరే చెయ్యండి. ఆ నలభైలో ఒక్కటీ తిరిగి రాలేదు కదా, నేను మర్చిపోలేదు."

మేస్త్రి వెనక మేనకోడలు కదలకుండా నిలబడి ఉంది. ఆమె ఏమీ అనదని ఆయనకి తెలుసు. ఆయన ఊరికే తలూపితే చాలు. ఆయన త్రీ అంటాడు, ఆమె టూ కలుపుతుంది, గోడ మీద మొహాలు పెరుగుతాయి. ఎప్పుడైనా ఒకటి వెనక్కొస్తే ఫోటోలో పన్ను కనపడలేదు అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు.

"టేపు తీసెయ్యమ్మా," అన్నాడు కౌంటరు అమ్మాయితో.

"సార్?"

"తీసెయ్. అది వాపసు ఇవ్వకూడదు." డాక్టరమ్మ వైపు తిరిగాడు.  విసుగ్గా, ఎవరితోనో పోట్లాడుతున్నట్టుగా చెప్పేశాడు. "ఫోటో బాగానే వచ్చిందమ్మా. ఉన్న రంగే వచ్చింది. మీ ముగ్గురికీ కనిపించింది. నాకే కనపడట్లేదు. నిన్న నమూనాలు పేర్చుకు చూశా, ఒకటికీ మూడుకీ తేడా తెలియలేదు. ఆ నలభై పళ్ళ రంగూ నాది కాదు. ఇది చూసింది." బొటనవేలితో వెనక్కి చూపించాడు. "నేను తప్పు చెబితే, నాకు తెలీకుండా సరిచేసింది. టీచరుగారివి మూడింటి మీదా దీని చెయ్యి పడలేదు. అందుకే ఆ మూడూ పోయాయి."

కౌంటరు అమ్మాయి టేపు కొస పట్టుకుని అలాగే ఉండిపోయింది. డాక్టరమ్మ మేనకోడలి వైపు చూసింది. మేనకోడలు నేల వైపు చూస్తోంది, చెవులు ఎర్రబడ్డాయి.

లెక్కల టీచరు కుర్చీలోంచి తల తిప్పింది. "ఇంతకీ నా పన్ను ఎవరు చేస్తారో అది తేల్చండి," అంది. "పది గంటలకి నాకు క్లాసుంది."

డాక్టరమ్మ ఒక నిట్టూర్పు విడిచి, కెమెరా నుంచి పొడుగు లెన్సు తిప్పి ఊడదీసింది. తియ్యడం కాస్త ఆలస్యమే చేసింది. ఖాళీ గోడ వైపు ఒకసారి చూసి, దాన్ని షాపుకి వాపసు పోయే సంచీలో పెట్టింది. "కంటి డాక్టరు నా ఫ్రెండే ఒకావిడ ఉంది," అంది మేస్త్రితో, మెల్లగా. "ఇది వయసుతో పాటు చాలామందికి వచ్చేదే. సోమవారం వెళ్ళండి."

"వెళ్తాలెండి. ముందు ఈవిడ పని కానివ్వండి."

మేనకోడలు చేతులు కడుక్కుని వచ్చింది. మేస్త్రి ఎప్పుడూ కూర్చునే స్టూలు దగ్గర ఆగిపోయింది. ఆయన ఆ స్టూలుని కాలితో ఆమె వైపు నెట్టి, తను అవతలి పక్కకి వెళ్ళి, కొక్కేలతో టీచరు పెదాలు లాగి పట్టుకున్నాడు. ఆమె పట్టీలోంచి ఒక నమూనా తీసి పంటి పక్కన పెట్టింది. తీసి, ఇంకొకటి పెట్టింది. మేస్త్రి చూశాడు. ఆయనకి రెండూ ఒకటే. ఆమె అలవాటు కొద్దీ ఆయన వైపు తలెత్తింది.

"టూ అనుకుంటా. నువ్వేమంటావు మావయ్యా?"

"నన్నడక్కు."

ఆమె చీటీ తీసుకుని నంబరు వేసింది. దాని కింద 'రంగు చూసినవారు' అని అచ్చువేసిన గీత మీద, ఇన్నాళ్ళూ ప్రతి చీటీ మీదా ఉన్నట్టే, ఆయన పేరులో మొదటి అక్షరం రాసింది. ఆయనకి రెండు చేతులూ ఖాళీ లేవు. గడ్డంతో ఆ చీటీ వైపు చూపించాడు.

"కొట్టెయ్," అన్నాడు. "నీ పేరు రాయి."